కొరికినవాడి దగ్గరికా, కొరికించుకున్న పిల్ల దగ్గరికా?

(ప్రీస్కూల్ పిల్లల తల్లిదండ్రులు, అంగన్‌వాడీ టీచర్లతో జరిగిన ఒక ఆదివారం సమావేశంలో, కొట్టే, కొరికే చిన్నపిల్లల గురించి ఒక కౌన్సెలర్ మాట్లాడిన మాటలు. రికార్డింగ్ విని రాసుకున్నది, అక్కడక్కడా కుదించాం.)

వెనక వాళ్ళకి వినబడుతోందా? సరే. వెనకాల పిల్లలు పరిగెడుతున్నారు, పరిగెత్తనివ్వండి, మీటింగే వాళ్ళ గురించి అయినప్పుడు వాళ్ళని నోరు మూసుకుని కూర్చోమంటే బాగోదు.

ముందొక ప్రశ్న. మీ ఇంట్లో మూడేళ్ళ, నాలుగేళ్ళ పిల్లలు కొరకడం, గిల్లడం, జుట్టు పట్టుకుని లాగడం ఇలాంటివి చేస్తారా? చేతులెత్తండి. (నవ్వులు) చూశారా, ఒక్క చెయ్యీ లేవలేదు. పోనీ మీ పిల్లల్ని కొరికే పక్కింటి పిల్లలున్నారా? అదిగో, సగం హాలు లేచింది. మరి ఆ కొరికేవాళ్ళ అమ్మానాన్నలు ఏ ఊళ్ళో ఉంటారో నాకైతే తెలీదు. సరే, నేనే ఎత్తుతాను చెయ్యి. మా చిన్నాడు రెండున్నరేళ్ళప్పుడు ప్లేస్కూల్లో ఒక పాపని భుజం మీద కొరికాడు, పళ్ళ గుర్తులు పడ్డాయి. అప్పటికి నేను ఈ కౌన్సెలింగ్ పనిలోకి వచ్చి నాలుగేళ్ళయింది. ఆ పాప వాళ్ళమ్మ గేటు దగ్గర నన్ను ఒక్క మాటా అనలేదు, ఊరికే చూసింది, తిట్టినా బాగుండేదనిపించింది. ఇంటికొచ్చి నేనేం చేశానంటే, "కొరుకుతావా ఇంకోసారి" అంటూ వాడి చేతి మీద ఒక్కటి వేశాను. వాడు ఏడవలేదు. నన్ను ఒక్క క్షణం చూసి, పక్కనే బొమ్మలేసుకుంటున్న వాళ్ళక్క దగ్గరికెళ్ళి దాని చేతి మీద సరిగ్గా అలాగే ఒక్కటి వేశాడు. నేను చదివిన పుస్తకాలన్నీ ఆ ఒక్క దెబ్బలో నాకు తిరిగి పాఠం చెప్పాయి.

ఇప్పుడు భయపడేవాళ్ళ కోసం ఒక మాట. ఈ వయసులో చెయ్యి చేసుకోవడం వింతేమీ కాదు. కెనడాలో, మాంట్రియల్‌లో రిచర్డ్ ట్రెంబ్లే అనే పరిశోధకుడు పిల్లల్ని పసితనం నుంచి ఏళ్ళ తరబడి గమనిస్తూ వచ్చాడు. మనమంతా ఏమనుకుంటాం, పిల్లలు స్కూల్లోనో టీవీలోనో చూసి కొట్టడం నేర్చుకుని పెద్దయ్యేకొద్దీ ముదిరిపోతారని. ఆయన చూసింది దాదాపు దానికి తలకిందులు. మనిషి జీవితంలో చేత్తో కొట్టడం, తొయ్యడం, పీక్కోవడం అన్నిటికన్నా ఎక్కువగా ఉండేది రెండు, మూడేళ్ళ వయసులోనే. అక్కడి నుంచి బడి వయసు దాకా చాలామందిలో తగ్గుతూ పోతుంది. అంటే పిల్లలు కొట్టడం కొత్తగా నేర్చుకోనక్కర్లేదు, కొట్టకుండా ఉండడమే నేర్చుకోవాలి. మన పని అది. చెయ్యి వాళ్ళకి ముందే వచ్చు, మాటే ఇంకా రాలేదు.

అలాగని చూసి నేర్చుకోరా అంటే, భేషుగ్గా నేర్చుకుంటారు. 1961లో ఆల్బర్ట్ బందూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ నర్సరీ పిల్లలతో చేసిన ప్రయోగం మీలో కొందరు బి.ఇడి.లో చదివే ఉంటారు. 72 మంది పిల్లలు, మూడేళ్ళ నుంచి ఆరేళ్ళలోపు వాళ్ళు. కొందరి ముందు ఒక పెద్ద మనిషి గాలి ఊదిన బొమ్మని గుద్ది, సుత్తితో కొట్టి, తన్నాడు. తర్వాత పిల్లలకి మంచి బొమ్మలు చూపించి, ఆడుకోబోతుంటే తీసేసుకుని కొంచెం ఉడికించి, ఆ గాలి బొమ్మ ఉన్న గదిలోకి వదిలారు. చూసిన పిల్లల్లో చాలామంది అదే సుత్తి, అదే పోటు, అవే మాటలు. మా చిన్నాడు వాళ్ళక్క చేతి మీద వేసిన దెబ్బకీ దానికీ తేడా లేదు, కాకపోతే నాకు జరిగినదానికి రీసెర్చ్ పేపర్ రాలేదు. (నవ్వులు)

మన ఇళ్ళల్లో ఈ పాఠం ఇంకా ముద్దుగా నడుస్తుంది. పిల్లాడు నడుస్తూ నడుస్తూ పడతాడు, మోకాలు దోక్కుపోతుంది, గుక్కపట్టి ఏడుస్తాడు. మామ్మగారు వచ్చి ఏం చేస్తారు? నేలని కొడతారు! "నా బంగారాన్ని పడేస్తావా, ఉండు నీ పని చెప్తా" అని టపటపా రెండు. పిల్లాడు కళ్ళు తుడుచుకుని వాడూ నేలని కొడతాడు, అందరూ నవ్వుతారు. తలుపు తగిలితే తలుపుని, బల్ల తగిలితే బల్లని. ఏడాదిలో ఎన్నిసార్లు? తర్వాత ఒకరోజు వాణ్ణి తోసింది తలుపు కాదు, ఎదురింటి పిల్ల. వాడికి తెలిసిన వైద్యం ఒక్కటే కదా. ఇంకొకటి, పండక్కి వచ్చిన మావయ్యలు. "ఏదిరా, కొట్టు చూద్దాం మావయ్యని, ఇంకా గట్టిగా, అబ్బో రౌడీరా వీడు!" సంక్రాంతి మూడు రోజులు వాడికి ట్రైనింగిచ్చి మావయ్య బస్సెక్కి వెళ్ళిపోతాడు, నాలుగో రోజు స్కూలు నుంచి ఫోన్ మీకొస్తుంది.

సరే, అసలు సంగతికొస్తాను. నా దగ్గరికి వచ్చిన ఒక బాబు, బుజ్జిగాడు అనుకుందాం, పేరూ ఊరూ వివరాలూ మార్చి చెప్తున్నాను. మూడున్నరేళ్ళు. నాన్న ఆటో నడుపుతాడు, అమ్మ ఇంట్లో జాకెట్లు కుడుతుంది, ఐదు నెలల చెల్లెలు. ప్లేస్కూల్లో కొరుకుతున్నాడు, ఇంకోసారైతే పిల్లాణ్ణి తీసుకెళ్ళిపొమ్మన్నారట. అమ్మానాన్నా ఇద్దరూ పని మానుకుని వచ్చి "మేడం, వీడికి కౌన్సెలింగ్ ఇవ్వండి" అన్నారు. వాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి నేనేదో నాలుగు మంచి మాటలు చెప్తే సాయంత్రానికి మారిపోతాడని ఆశ. బుజ్జిగాడు నా బల్ల కింద దూరి స్టాప్లర్ పట్టుకుని కూర్చున్నాడు. మూడున్నరేళ్ళవాడికి ఉపదేశం చెప్పడం వాన మీద గొడుగు పట్టినట్టే, తడిసేది మనమే. ఈ వయసులో బిహేవియరల్ కౌన్సెలింగ్, అంటే ప్రవర్తన మార్చే కౌన్సెలింగ్, నూటికి తొంభై పాళ్ళు చుట్టూ ఉన్న పెద్దవాళ్ళకి. అది చెప్తే ఆ నాన్న మొహం కొంచెం మాడింది, డబ్బులు పిల్లాడి పేరు మీద కట్టి తను క్లాసు వినాలా అని.

వాళ్ళకి నేనిచ్చింది ఒక పది రూపాయల నోట్‌బుక్. మూడు గళ్ళు గీయమన్నాను: ముందేం జరిగింది, వాడేం చేశాడు, వెంటనే మనమేం చేశాం. అంతే. తిట్లు, అభిప్రాయాలు, "వాళ్ళ తాతా ఇంతే" లాంటి చరిత్రలు రాయకూడదు. ఇంట్లో అమ్మ రాయాలి, స్కూల్లో టీచర్ రాయాలి. ఆ టీచరు, చిన్నమ్మాయి, పాపం చాలా ఓపికగా రాసింది. అందులో ఒకటి నాకు ఇప్పటికీ గుర్తుంది: "పదకొండు పావు. బ్లాక్స్ దగ్గర. పక్క పాప ఎర్ర లారీ తీసుకుంది. చెయ్యి కొరికాడు. వాణ్ణి ఎత్తుకుని తప్పు కదా నాన్నా అని చెప్పాను. నా కుర్చీ పక్కన కూర్చోబెట్టుకున్నాను."

వారం తర్వాత ఆ పుస్తకం ముందేసుకుని నలుగురం కూర్చున్నాం. చదువుతుంటే ఆ టీచరే ముందు పట్టుకుంది. సగానికి పైగా గొడవలు పదకొండుకీ పన్నెండుకీ మధ్యే, అంటే పొద్దున్న ఏడున్నరకి తిన్న రెండు ఇడ్లీలు అరిగిపోయి అన్నం ఇంకా రాని టైము. అది మొదటి గడి. మూడో గడి ఇంకా బాగుంటుంది. కొరికిన ప్రతిసారీ బుజ్జిగాడికి దొరికిందేంటి? టీచర్ చంక, టీచర్ పక్కన సీటు, ఐదు నిమిషాలు వాడొక్కడితోనే మాటలు. ఎర్ర లారీ ఎవరి దగ్గర ఉంది అనడిగాను. టీచర్ కొంచెం ఆలోచించి, "వాడి చేతిలోనే ఉంది మేడం" అంది. మరి కొరికించుకున్న పాప? ఆ పాప గురించి పుస్తకంలో ఒక్క ముక్క లేదు. ఇంట్లోనూ అంతే, చెల్లెలు పుట్టాక అమ్మ ఒళ్ళో వాడికి చోటు దొరికేది చెల్లెల్ని గిల్లినప్పుడే. తిట్టడానికే అనుకోండి, కానీ ఒళ్ళో కూర్చోబెట్టుకునే కదా తిట్టేది.

అంటే మన ధ్యాసే వాడికి బహుమతి అవుతోంది. దీనికి పాత రుజువుంది. 1965లో బ్రౌన్, ఎలియట్ అనే ఇద్దరు ఒక నర్సరీ క్లాసులో మూడు, నాలుగేళ్ళ మగపిల్లలు 27 మందితో ఒక పని చేయించారు. టీచర్లు కొట్లాటల్ని వీలైనంత పట్టించుకోకుండా, పిల్లలు కలిసి ఆడుకుంటున్నప్పుడు మాత్రం దగ్గరికెళ్ళి పలకరించాలి. కొట్లాటలు తగ్గాయి. వినడానికి బానే ఉంది, కానీ మీరు అడుగుతారు, ఒకడు ఇంకొకణ్ణి కొరుకుతుంటే పట్టించుకోకుండా ఎలా ఊరుకుంటామని. న్యాయమే. 1973లో పింక్‌స్టన్, ఇంకో ముగ్గురు కలిసి వేసిన పేపర్‌లో దానికి జవాబుంది. ఎవరినైనా కొట్టే ఒక ప్రీస్కూల్ పిల్లాడి విషయంలో వాళ్ళు టీచర్లకి చెప్పింది ఇది: కొట్టినవాడి వైపు వెళ్ళొద్దు, దెబ్బ తిన్న బిడ్డ దగ్గరికెళ్ళండి. ఆ బిడ్డని ఓదార్చండి, ఆడించండి. కొట్టినవాడి కొట్టడం తగ్గిపోయింది. ఇంత చిన్న సంగతి! మామూలుగా మనం ఏం చేస్తామో చూడండి, కొట్టినవాడి చుట్టూ ఊరంతా మూగుతుంది, తిట్టేవాళ్ళు, అడిగేవాళ్ళు, నీతులు చెప్పేవాళ్ళు. దెబ్బ తిన్నది ఒక మూల ముక్కు చీదుకుంటూ ఉంటుంది.

బుజ్జిగాడి స్కూల్లో మేం చేసినవి నాలుగే. పదకొండింటికి పిల్లలందరికీ ఒక అరటిపండు, అది అన్నిటికన్నా చవకైన కౌన్సెలింగ్. కొరికితే టీచర్ వాడి చెయ్యి ఒక్కసారి పట్టుకుని "కొరక్కూడదు" అని రెండో మాట లేకుండా, లారీ తీసి పక్కన పెట్టి, పాప దగ్గరికి వెళ్ళాలి. పాప చెయ్యి కడగాలి, ఊదాలి, ఒళ్ళో కూర్చోబెట్టుకోవాలి. మూడోది, గొడవ లేనప్పుడు వాడికి మాట నేర్పాలి: "నాకివ్వు", "నా వంతు", "జరుగు". ఈ మూడు మాటలు బొమ్మలాటలా రోజూ ఆడించి ఆడించి నోటికి ఎక్కించాలి, ఎందుకంటే కోపమొచ్చినప్పుడు కొత్త మాట వెతుక్కోవడం మనకే చేతకాదు. నాలుగోది, వాడు అడిగి తీసుకున్నప్పుడు, ఆగినప్పుడు, టీచర్ ఎంత దూరంలో ఉన్నా వచ్చి చెప్పాలి. "గుడ్ బాయ్" కాదు. "లారీ కోసం ఆగావు కదా, చూశాను" అని, చేసిన పని పేరు పెట్టి చెప్పాలి.

మొదటి రెండు రోజులు ఘోరం. వాడు ఇంకా ఎక్కువ కొరికాడు. ఇది ముందే చెప్పాను వాళ్ళకి, మీకూ చెప్తున్నా, ఎందుకంటే చాలామంది సరిగ్గా ఇక్కడే మానేస్తారు. ఇన్నాళ్ళూ పనిచేసిన స్విచ్ ఒకరోజు పనిచేయకపోతే మనం ఏం చేస్తాం, ఇంకా గట్టిగా, పదిసార్లు నొక్కుతాం కదా. వాడూ అంతే. ఆ కొద్ది రోజులు ఓర్చుకోవాలి. మూడో రోజు జరిగింది టీచర్ నాకు ఫోన్ చేసి చెప్పింది. ఆవిడ పాప చెయ్యి ఊదుతుంటే బుజ్జిగాడు మెల్లగా వచ్చి, చీర కుచ్చిళ్ళు పట్టుకుని, తన మోచెయ్యి చాపాడట, అక్కడ ఏ దెబ్బా లేదు, "నాకూ ఊదు" అన్నాడట. ఆవిడకి టెన్షన్, ఊదొచ్చా మేడం, ఊదితే మళ్ళీ పాత కథేనా అని. ఊదావా అన్నాను. ఊదేశాను అంది. మంచి పని చేశావన్నాను. వాడు పళ్ళతో కాకుండా నోటితో అడిగాడు, ఇంకేం కావాలి మనకి?

ఆరు వారాలు పట్టింది. ఇప్పుడు కొరకడం పోయింది, అప్పుడప్పుడూ తోస్తాడు. నేను మంత్రగత్తెను కాను, తొయ్యడం దగ్గర ఇంకా పని చేస్తున్నాం.

ఇంటి దగ్గర ఒక చిక్కుంది. అమెరికాలో ఓరెగాన్ రాష్ట్రంలో జెరాల్డ్ ప్యాటర్సన్ అనే ఆయన బృందం ఇళ్ళల్లోకే వెళ్ళి కూర్చుని, అమ్మానాన్నలూ పిల్లలూ నిమిష నిమిషానికీ ఎలా పోట్లాడుకుంటారో రాసుకున్నారు. ఆయన చెప్పింది మన కిరాణా కొట్టు ముందు రోజూ జరుగుతుంది. వాడు చాక్లెట్ అడుగుతాడు, వద్దంటాం. వాడు రాగం అందుకుంటాడు, మనం గొంతు పెంచుతాం. వాడు నేల మీద పడి దొర్లి మన కాలి మీద కొడతాడు, కొట్టువాడు చూస్తున్నాడు, పరువు పోతోంది, కొనేస్తాం. వాడు ఆపేస్తాడు. ఇద్దరికీ బహుమతి దొరికింది, చూశారా? వాడికి చాక్లెట్, మనకి ప్రశాంతత. అందుకే రేపు మళ్ళీ ఇద్దరం అదే చేస్తాం. నాలుగు రోజులు గట్టిగా నిలబడి ఐదో రోజు తాతగారు చాటుగా కొనిచ్చారనుకోండి, అది రోజూ కొనడం కన్నా అన్యాయం. లాటరీ టికెట్ కొనేవాడికి ఎప్పుడో ఒకసారి ఐదొందలు తగిలితే చాలు, జన్మంతా కొంటాడు.

ఇంకొక్క మందు చెప్తాను, ఇది ఖర్చులేనిది. షీలా ఐబర్గ్ అనే ఆవిడ 1970ల్లో తయారుచేసిన పద్ధతిలో, అమ్మో నాన్నో పిల్లాడితో గదిలో ఆడుకుంటుంటే, థెరపిస్టు అద్దం అవతల కూర్చుని చెవిలో పెట్టిన చిన్న స్పీకర్‌లో "ఇప్పుడు ఇలా అనండి" అని చెప్తుంటారు. మనకి ఆ చెవి యంత్రం లేకపోయినా అందులో ఇంటిపని ఒకటుంది: రోజుకి ఐదు నిమిషాలు పిల్లాడి వెనక ఆడటం. వాడు చెప్పినట్టు ఆడాలి. ఆ ఐదు నిమిషాలూ ఆజ్ఞలు లేవు, "ఇదేం రంగు చెప్పు" లాంటి పరీక్షలు లేవు, తప్పులు పట్టడం లేదు. వాడు చేస్తున్నది పైకి చెప్తుండాలి, అంతే, "ఓహో, లారీ మీద ఏనుగు ఎక్కింది." ప్రయత్నించండి. రెండో నిమిషంలో మీ చెయ్యి ఫోన్ మీదకి వెళ్తుంది, నాదీ వెళ్ళింది. బుజ్జిగాడి వాళ్ళమ్మ చెల్లెలు పడుకోగానే మిషన్ ఎక్కకుండా ముందు ఈ ఐదు నిమిషాలూ వాడికిచ్చింది. గిల్లకుండానే ఒళ్ళు దొరికితే వాడు గిల్లడం ఎందుకు?

ఫోన్ మాటొచ్చింది కాబట్టి, 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మూడు, నాలుగేళ్ళ పిల్లలకి చెప్పింది రోజుకి గంటకి మించి స్క్రీన్ వద్దని, 10 నుంచి 13 గంటల నిద్ర కావాలని. నిద్ర చాలని పిల్లాడికి ఏ కౌన్సెలింగూ పనిచేయదు, అది ముందు చూసుకుని నా దగ్గరికి రండి.

టైమ్ అవుట్ గురించి, అంటే కొట్టిన పిల్లాణ్ణి కాసేపు ఆట లోంచి తీసి పక్కన కూర్చోబెట్టడం గురించి, చీటీ వచ్చింది. పనికొస్తుంది, కానీ మనవాళ్ళ టైమ్ అవుట్ అంటే బాత్రూంలో పెట్టి గొళ్ళెం వేయడం. అది టైమ్ అవుట్ కాదు, జైలు. అదే గదిలో, మీకు కనబడేట్టు, ఒక చాప మీద రెండు మూడు నిమిషాలు, ఆ తర్వాత మళ్ళీ మామూలు ఆట, పాత సంగతి ఎత్తకూడదు. ఆట బాగుంటేనే ఆట లోంచి తీయడం శిక్ష అవుతుంది. విసుగు పుట్టే క్లాసులోంచి తీస్తే అది సెలవు!

(ఒక తండ్రి: మేడం, మొక్కై వంగనిది మానై వంగునా అంటారు కదా, రెండు తగిలిస్తే తప్పేంటి? మేమంతా దెబ్బలు తినే పెరిగాం.)

ఆ సామెత నాకూ ఇష్టమే, కానీ బాబాయిగారూ, మొక్కని వంచేది కర్రతో కొట్టి కాదు, కర్రకి కట్టి. (నవ్వులు, చప్పట్లు) 2016లో గెర్షాఫ్, గ్రోగన్-కేలర్ అనే ఇద్దరు ఒక లక్షా అరవై వేల మంది పిల్లల మీద జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూశారు, మామూలు చేతి దెబ్బల గురించే, వాతలు పెట్టడం గురించి కాదు. దెబ్బలు తినే పిల్లల్లో మొండితనం, దూకుడు ఎక్కువే కనబడ్డాయి, తక్కువ కాదు. దెబ్బ ఆ నిమిషానికి ఆపుతుంది, అందుకే మనకి అది పనిచేసినట్టు కనిపిస్తుంది. కిరాణా కొట్టు చాక్లెట్ కూడా ఆ నిమిషానికి ఆపింది.

(ఒక అంగన్‌వాడీ టీచర్: నాకు పాతికమంది పిల్లలు, ఆయా ఒక్కతే. మూడు గళ్ళు ఎక్కడ రాయను? పోషణ్ యాప్ కోసం ఫోన్‌లో ఎక్కించే వివరాలే అయిపోవట్లేదు.)

మీరన్నది నిజం, ఇంకో పుస్తకం మీ నెత్తిన పెట్టను. ఒక్క పిల్లాడికి, ఐదు రోజులు, అదీ వాడు కొట్టిన టైము మాత్రం గోడ క్యాలెండర్ మీద గీయండి. టైము తెలిస్తే సగం తెలిసినట్టే. ఇంకోటి, మీ సెంటర్‌కి ఆర్.బి.ఎస్.కె. డాక్టర్లు, అంటే పిల్లల ఆరోగ్యం చూసే ప్రభుత్వ పథకం డాక్టర్లు, వచ్చినప్పుడు ఇలాంటి పిల్లాణ్ణి తప్పకుండా చూపించండి. మాట ఆలస్యమైన పిల్లలు, చెవి సరిగ్గా వినబడని పిల్లలు కొడుతూ ఉంటారు, మనం పొగరు అనుకుంటాం. జిల్లా ఆసుపత్రిలో దీనికి డి.ఇ.ఐ.సి. అని, పిల్లల ఎదుగుదల లోపాలని ముందే పట్టుకుని సాయం చేసే విభాగం ఉంటుంది. తనని తను గాయపరచుకునేవాళ్ళు, కుక్కపిల్లల్ని కావాలని హింసించేవాళ్ళు, ఐదేళ్ళు దాటినా తగ్గకపోగా పెరుగుతున్నవాళ్ళు ఉంటే నోట్‌బుక్‌తో కాలం గడపొద్దు. ఎవర్ని అడగాలో తెలియకపోతే టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు.

(వెనక నుంచి ఒక పెద్దావిడ: అమ్మాయ్, అయితే నేలని కొట్టొద్దంటావా? నేను ఐదుగురు పిల్లల్నీ అలాగే పెంచాను, ఒక్కడూ రౌడీ కాలేదు.)

కాలేదు మామ్మగారూ, ఒక్క నేలని కొట్టినందుకు ఎవరూ రౌడీలు కారు. కాకపోతే ఒకటి చెప్పండి, మీరు నేలని కొడుతున్నంతసేపూ వాడి మోకాలు ఎవరు చూస్తున్నారు? ముందు మోకాలు చూడండి, కడగండి, ఊదండి. ఆ తర్వాత ఇంకా కోపం మిగిలుంటే నేల సంగతి చూద్దురుగాని. (నవ్వులు) ఇక లేద్దాం, టైము పన్నెండవుతోంది, వెనక అప్పుడే ఎవరో ఎవరినో గిల్లిన చప్పుడు వినబడుతోంది. ముందు పిల్లలకి అన్నాలు పెట్టించండి.